ప్లాన్‌లో చెట్టు నల్లమచ్చలా కాకుండా చెట్టులా కనిపించాలంటే

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా జిరాక్స్ సెంటర్‌లో ప్రింటుకొచ్చిన ఇంటి ప్లాన్‌లు ఒకసారి చూడండి. గోడలు, తలుపులు, కొలతలు అన్నీ బాగానే ఉంటాయి. చెట్టు ఉన్న చోట మాత్రం ఒక నల్లమచ్చ ఉంటుంది. సంపు, సెప్టిక్ ట్యాంకు పైపు, సెట్‌బ్యాక్ (ప్లాటు హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) కొలత అన్నీ ఆ మచ్చ కిందే ఉండిపోతాయి. మేస్త్రీ ఫోన్ చేసి "సారూ, ఆ మూలకు నల్లగ ఉన్నదేంది?" అని అడిగాడంటే తప్పు ఆయనది కాదు.

ప్లాన్‌లో చెట్టు చెప్పాల్సినవి నాలుగే: మాను ఎక్కడుంది, గుబురు ఎంత దూరం వచ్చింది, ఆ చెట్టు ఉండేదా పోయేదా కొత్తగా పెట్టేదా, అది ఏ చెట్టు. వీటిని ఎంత తక్కువ గీతలతో చెబితే చెట్టు అంత స్పష్టంగా కనిపిస్తుంది. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లలో మన దగ్గర ఎక్కువ మంది వాడేది ఆటోకాడ్ కాబట్టి అందులోనే చెబుతాను. రెవిట్, స్కెచప్ వాడేవాళ్లకు పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

ముందు టేపు, తర్వాతే మౌస్

200 గజాల ప్లాటు, 30 అడుగులు 60 అడుగులు అనుకుందాం. వెనక మూలన ఒక వేపచెట్టు ఉంది. దాన్ని ఉజ్జాయింపుగా పెడితే తర్వాత పోర్టికో స్లాబు కొమ్మలకు తగులుతుంది. సైటులో కదలని రెండు మూలల నుంచి మానుకు టేపు పట్టండి. టేపు మాను అంచు దాకానే వస్తుంది, మనకు కావాల్సింది మధ్యబిందువు. అందుకే నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టుకొలత కూడా తీసుకోండి. చుట్టుకొలత 5 అడుగులు వస్తే, 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 19 అంగుళాలు. అందులో సగం, అంటే తొమ్మిదిన్నర అంగుళాలు, రెండు టేపు కొలతలకూ కలపాలి. ఆటోకాడ్‌లో ఆ రెండు మూలల దగ్గర, అలా కలిపిన దూరాలే వ్యాసార్థాలుగా సర్కిళ్లు గీస్తే అవి సైటు లోపల కలిసే చోటే మాను.

గుబురును నాలుగు దిక్కులా కొలవాలి. కొమ్మ చివర కింద నిలబడి పైకి చూసి, అక్కడి నుంచి మాను దాకా టేపు పట్టండి. ఏ చెట్టూ నాలుగు వైపులా సమానంగా పెరగదు. పక్కింటి గోడ వైపు 6 అడుగులు, ఖాళీ స్థలం వైపు 14 అడుగులు ఉండడం మామూలే. ప్లాన్‌లో గుండ్రంగా గీసేస్తే కట్టాల్సిన చోట కొమ్మ లేదని, లేని చోట ఉందని అనుకుంటారు. అన్నిటికన్నా కిందున్న కొమ్మ నేలకు ఎంత ఎత్తులో ఉందో కూడా రాసుకోండి. ఎలివేషన్ గీసేటప్పుడు అదే కావాలి.

సొంత బ్లాకు చేసుకోండి

బ్లాకు అంటే ఒకసారి గీసి పెట్టుకుని ఎన్నిసార్లైనా ఇన్సర్ట్ చేసుకునే బొమ్మ. నెట్‌లో దొరికే ఉచిత చెట్ల బ్లాకుల్లో చాలావరకు మిల్లీమీటర్లలో గీసినవి. మన డ్రాయింగ్ అడుగులు, అంగుళాల్లో ఉంటుంది. యూనిట్లు సరిచూడకుండా ఇన్సర్ట్ చేస్తే 5000 మిల్లీమీటర్ల చెట్టు 5000 అంగుళాలై కూర్చుంటుంది. అంటే 416 అడుగుల చెట్టు! ఫైలు ఏ యూనిట్‌లో ఉందో చెప్పే ఇన్స్‌యూనిట్స్ సెట్టింగ్ రెండు ఫైళ్లలోనూ సరిగ్గా ఉంటే స్కేలు దానంతటదే సర్దుకుంటుంది. అయినా సొంత బ్లాకు చేసుకోవడానికి పది నిమిషాలు చాలు కాబట్టి నా ఓటు దానికే.

గుబురు వ్యాసం సరిగ్గా 12 అంగుళాలు ఉండేలా గీయండి. అప్పుడు ఇన్సర్ట్ చేసేటప్పుడు స్కేలు 18 అని కొడితే 18 అడుగుల చెట్టు వస్తుంది, లెక్క వేసుకునే పని ఉండదు. మానును 1 అంగుళం వ్యాసంతో, సాలిడ్ హాచ్ (ఖాళీ లేని రంగు) నింపి పెట్టండి. బేస్ పాయింట్ మాను మధ్యలోనే ఉండాలి. ఇది కొత్తగా నాటే చెట్లకు. పాత చెట్లకు మాత్రం కొలిచిన నాలుగు బిందువుల మీదుగా స్ప్లైన్‌తో (వంపు గీతతో) అంచు విడిగా గీయాల్సిందే, మాను కూడా అసలు సైజులోనే పెట్టాలి.

ఇక లేయర్ల సంగతి. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. బ్లాకులో మానును లేయర్ జీరోలో పెట్టండి. గుబురు అంచును వేరే లేయర్‌లో పెట్టి, దాని రంగు, లైన్‌టైప్, లైన్‌వెయిట్ మూడింటినీ బైబ్లాక్ (బ్లాకుకు ఏదుంటే అదే తీసుకునే సెట్టింగ్) చేయండి. ఇలా చేస్తే రెండు లాభాలు. మొదటిది, బ్లాకును 'ట్రీ-ఓల్డ్', 'ట్రీ-న్యూ', 'ట్రీ-రిమూవ్' లేయర్లలో దేనిలో ఇన్సర్ట్ చేస్తే ఆ లేయర్ రంగు, గీత తీరు చెట్టంతటికీ వస్తాయి. రెండోది, పునాది ప్లాన్‌లో గుబురు అక్కర్లేనప్పుడు గుబురు లేయర్ ఒక్కటే ఫ్రీజ్ చేస్తే, అంటే కనిపించకుండా ఆపితే, మాన్లు అలాగే ఉంటాయి. ఫుటింగ్ తవ్వేవాళ్లకు కావాల్సింది మాన్లే కదా. ఇన్సర్ట్ చేసిన లేయర్‌నే ఫ్రీజ్ చేస్తే మాత్రం బ్లాకు మొత్తం మాయమవుతుంది. లోపల ఏ లేయర్‌లో ఏముందన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

ఇప్పటికే దింపుకున్న బ్లాకులతో నిండిన పాత ఫైలు ఉంటే ఒక్కొక్కటీ చెరపక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో బ్లాక్‌రిప్లేస్ ఉంది, పాతదాని చోట కొత్తది పెట్టేస్తుంది. స్కేలు ఒకసారి చూసుకుని, వాడని బ్లాకులు పోయేలా చివర్లో పర్జ్ కొట్టండి. ఫైలు ఎంత తేలికవుతుందో మీకే తెలుస్తుంది.

నలుపు ఎందుకు వస్తోంది? ఒక చిన్న లెక్క

5 మీటర్ల గుబురు 1:200 స్కేలులో కాగితం మీద 25 మిల్లీమీటర్ల వలయం. మీరు దింపుకున్న బ్లాకులో మాను నుంచి అంచు దాకా 120 రెమ్మలున్నాయనుకోండి. అంచు దగ్గర రెండు రెమ్మల మధ్య దూరం 0.65 మిల్లీమీటరు. మానుకూ అంచుకూ సరిగ్గా మధ్యలో చూస్తే 0.33, ఇంకా సగం లోపలికి వెళ్తే 0.16. పెన్ను మందం 0.25 పెట్టారు. ఇంక తెలుపుకు చోటేదీ? గుబురు లోపలి సగమంతా సిరా ముద్దే. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే ప్రతి ఆకూ ముద్దొస్తుంది, ప్రింటులో మాత్రం మచ్చే వస్తుంది.

అదే బ్లాకులో 16 రెమ్మలుంచి, వాటిని మాను దాకా తీసుకురాకుండా మధ్యలో మూడో వంతు ఖాళీగా వదిలి, 0.13 పెన్ను పెట్టి చూడండి. ఎంత హాయిగా ఉంటుందో! నేను పాటించే కొలత ఒకటే. కాగితం మీద రెండు గీతల మధ్య కనీసం ఒక మిల్లీమీటరు తెలుపు మిగలాలి. మిగలకపోతే ఒక గీత తీసేస్తాను. 1:50లో గీసే గార్డెన్ డిటైల్‌కు ఆకులున్న బ్లాకు, 1:100కు రెమ్మల బ్లాకు, 1:200 దాటితే ఉత్త అంచూ మానూ. డైనమిక్ బ్లాకులు చేయడం వచ్చినవాళ్లు ఈ మూడింటినీ ఒకే బ్లాకులో విజిబిలిటీ స్టేట్‌లుగా పెట్టుకోవచ్చు.

లైన్‌వెయిట్ల విషయంలో చెట్టు ఎప్పుడూ గోడ కన్నా వెనకే ఉండాలి. కోసిన గోడ 0.35 నుంచి 0.5 వరకు, గుబురు అంచు 0.18, లోపలి రెమ్మలు 0.13. మాను సాలిడ్ కాబట్టి దానంతటదే కనిపిస్తుంది.

చాలామంది చెట్లను బూడిద రంగులో పెట్టి, ప్రింటు మోనోక్రోమ్ సీటీబీతో (ఏ రంగు ప్రింటులో ఎలా రావాలో చెప్పే ఫైలుతో) తీస్తారు. ఆ సీటీబీలో 1 నుంచి 255 దాకా ఉన్న రంగులన్నీ నలుపే, మీరు పెట్టిన 8వ నంబరు బూడిద కూడా. సీటీబీకి ఒక కాపీ చేసుకుని, అందులో 8వ రంగుకు స్క్రీనింగ్ (సిరా ఎంత శాతం పడాలన్నది) 50 పెట్టండి. లేదంటే చెట్ల లేయర్‌కు ట్రూ కలర్‌లో బూడిద ఇవ్వండి, సీటీబీ దాన్ని ముట్టుకోదు. స్క్రీనింగ్ 40 కన్నా కిందికి మాత్రం దించొద్దు. మనం ఇచ్చిన ప్రింటును సైటులో మళ్లీ జిరాక్స్ తీస్తారు, ఆ జిరాక్స్‌కు ఇంకో జిరాక్స్. మూడో కాపీకి వచ్చేసరికి లేత బూడిద ఎగిరిపోతుంది.

గుబురు కిందున్నది కూడా చదవగలగాలి

గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ అంటే నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తులో అడ్డంగా కోసి కిందికి చూడడం. ఆ ఎత్తులో కోతకు దొరికేది మాను, గుబురు మన తల పైన ఉంటుంది. కాబట్టి ఈ ప్లాన్‌లో మాను ముదురుగా, గుబురు అంచు డాష్ గీతతో ఉండాలి. లోపల రెమ్మలు అక్కర్లేదు. సన్‌షేడ్‌ను చుక్కల గీతతో చూపిస్తాం కదా, న్యాయం అదే. సైట్ ప్లాన్, టెర్రస్ ప్లాన్ పై నుంచి చూసేవి. అక్కడ గుబురు అంచు పూర్తి గీతగా, రెమ్మలతో ఉండొచ్చు. ఈ తేడా ఒక్కటి పాటించినా సగం గజిబిజి పోతుంది. లేఅవుట్‌లో ఒక్కో వ్యూపోర్ట్‌కు (షీటులో డ్రాయింగ్ కనిపించే కిటికీకి) లేయర్ ఓవర్‌రైడ్ ఇవ్వొచ్చు కాబట్టి చెట్టును రెండుసార్లు గీసే పని లేదు.

కిందున్న గీతలను కప్పేసే వైపౌట్‌ను జాగ్రత్తగా వాడండి. గడ్డి హాచ్ మీద చెట్టు పెట్టినప్పుడు, ఒక గుబురు ఇంకో గుబురు మీదికి వచ్చినప్పుడు అది బాగా పనిచేస్తుంది. సర్కిల్‌ను నేరుగా వైపౌట్ చేయడం కుదరదు, తిన్నని గీతల పాలీలైనే కావాలి. అందుకే పాలిగాన్ కమాండ్‌తో 24 భుజాల బొమ్మ గీసి, దాన్ని వైపౌట్ చేసి, డ్రా ఆర్డర్‌లో అన్నిటికన్నా వెనక్కి పంపి, ఆ తర్వాతే బ్లాకు చేయండి. వైపౌట్‌ఫ్రేమ్ విలువ 2 పెడితే అంచు స్క్రీన్ మీద కనిపిస్తుంది, ప్రింటులో రాదు. ప్రహరీ గోడ, సెట్‌బ్యాక్ గీత, డ్రైనేజీ పైపు, కొలతలు ఉన్న చోట మాత్రం వైపౌట్ ఉన్న చెట్టు పెట్టకండి. కాగితం మీద పైపు లేకపోతే సైటులో కూడా లేదనే అనుకుంటారు.

రంగు నింపాలనుకుంటే సాలిడ్ హాచ్‌కు 70 ట్రాన్స్‌పరెన్సీ ఇవ్వండి. ప్లాట్ డైలాగ్‌లో ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ టిక్ చేయడం మరవొద్దు. అది లేకపోతే అదే హాచ్ ముద్దరంగుతో దిగి కిందున్నదాన్నంతా మింగేస్తుంది.

ఉండేవి, పోయేవి, వచ్చేవి

ఉన్న చెట్టుకు పూర్తి గీత, తీసేసే చెట్టుకు డాష్ గీతతో పాటు మాను మీద ఇంటూ గుర్తు, కొత్తదానికి సన్నటి గీతతో పాటు మాను మీద చిన్న ప్లస్. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్‌లో గుబుర్లన్నీ డాషే కాబట్టి అక్కడ తేడా చెప్పేది మాను మీది గుర్తే. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు రాసేవాళ్లు మీ డ్రాయింగే చూస్తారు, ఇంటూ గుర్తు తప్పు చెట్టు మీద పడితే చిక్కు. ఇంటి అనుమతికి పెట్టే షీటులో అలంకారం చెట్లు వేయకండి. ఉన్నవి, పోయేవి, గ్రీన్ స్ట్రిప్‌లో నాటబోయేవి చాలు.

మన చెట్లకు మన గుర్తులు

పైన్ చెట్ల బ్లాకులు దేవరకొండ రోడ్డులో కట్టే ఇంటికి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన చుట్టూ ఉన్నవి వేప, కానుగ, చింత, మామిడి, తాటి, సీతాఫలం, బత్తాయి. వీటికి నాలుగైదు రకాల గుర్తులు సరిపోతాయి. వేప, కానుగలకు ఎగుడుదిగుడు మబ్బు అంచు. మామిడి, చింతలకు నిండు వలయం, లోపల కొద్దిపాటి రెమ్మలు. తాటి, కొబ్బరి, ఈతలకు మధ్య నుంచి ఎనిమిదో పదో మట్టలు, బయట వలయం లేకుండా. తాటిచెట్టును వలయంతో గీస్తే వేపకూ దానికీ తేడా తెలియదు. సీతాఫలం, మందారం లాంటి చిన్నవాటికి చుక్క ఉన్న చిన్న వలయం చాలు.

బత్తాయి తోటలో ఫామ్‌హౌస్ గీయమని నల్లగొండ వైపు తరచుగా అడుగుతుంటారు. 20 అడుగుల దూరంలో నాటిన తోటలో ఎకరానికి 108 చెట్లు పడతాయి. అన్నిటికీ ఆకుల బ్లాకు పెడితే ఫైలూ కదలదు, ఇల్లూ కనిపించదు. ఇంటికి దగ్గరున్న రెండు వరుసలకే గుబురు అంచు ఇచ్చి, మిగతావాటికి రెక్టాంగ్యులర్ ఎరేతో ఉత్త చుక్కలు పెట్టండి. వరుసల దిక్కు మాత్రం సైటులో ఉన్నట్టే ఉండాలి, ఎందుకంటే డ్రిప్ పైపులు ఆ దిక్కునే వెళ్తాయి.

మర్రి సంగతి వేరు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని తలచుకోండి. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ చెట్టులో అసలు మాను ఏదో ఊడ ఏదో చూపు పట్టదు. 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించినప్పుడు కూడా పని కొమ్మకొమ్మకూ విడిగానే జరిగింది. అలాంటి చెట్టుకు ఒక వలయం, మధ్యలో ఒక చుక్క పెడితే అది అబద్ధమే. బయటి అంచును కొలిచిన బిందువులతో వంకరగానే గీయాలి. నేలకు దిగిన ప్రతి ఊడనూ దాని మందంతో నల్లచుక్కగా పెట్టాలి. లోపల రెమ్మ ఒక్కటి కూడా వద్దు. నడిచే దారి, కంచె, ఊతం స్తంభాలు ఆ చుక్కల మధ్య నుంచే వెళ్లాలి కాబట్టి అక్కడ చదవాల్సింది ఊడలనే.

నీడ వేస్తే లెక్కగా వేయండి

నీడ వల్ల చెట్టు నేల నుంచి లేచినట్టు కనిపిస్తుంది. అయితే ఒక షీటులో ఈశాన్యానికి, ఇంకో షీటులో నైరుతికి పడకూడదు. రోడ్డు కింద ఉండేలా షీటు తిప్పే అలవాటు మనకు ఎక్కువ కాబట్టి నార్త్ యారో చూసుకునే నీడ వేయండి.

నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మధ్యాహ్నం 20 అడుగుల చెట్టు నీడ ఉత్తరానికి దాదాపు 17 అడుగులు పడుతుంది. జూన్ 21న అదే చెట్టు నీడ దక్షిణం వైపు రెండడుగుల పైన కొద్దిగా, అంతే. మే నెలలో సాయంత్రం నాలుగింటికి మాత్రం తూర్పుకు 27, 28 అడుగుల దాకా సాగుతుంది. పడమటి వైపున్న వేప ఇంటి గోడకు ఎంత మేలు చేస్తుందో ఇంటాయనకు చూపించాలంటే ఈ మే నీడే వేయాలి. గుబురు అంచును కాపీ చేసి, నీడ దిక్కుకు జరిపి, లేత బూడిద హాచ్ నింపి, విడి లేయర్‌లో పెట్టి అన్నిటికన్నా వెనక్కి పంపండి. అనుమతి షీటులో, వర్కింగ్ డ్రాయింగ్‌లో నీడ లేయర్ ఫ్రీజ్‌లోనే ఉండాలి.

ఎలివేషన్‌లో

ఇంటి ముందున్న చెట్టుకు మాను, గుబురు అంచు సన్నగా గీసి లోపల ఖాళీగా వదలండి, కిటికీలు దాని గుండా కనిపించాలి. ఇంటి వెనకున్నవాటికి స్క్రీనింగ్ 40. ఎత్తు కొలిచినదే ఉండాలి. పిట్టగోడతో కలిపి జీ ప్లస్ వన్ ఇల్లు 24 అడుగులుంటే 30 అడుగుల వేప దాన్ని దాటి కనిపించాల్సిందే. ఇల్లు పెద్దగా కనిపించాలని చెట్టును కుదించొద్దు. ఇంటాయన ఆ చెట్టు కిందే పెరిగి ఉంటాడు, వెంటనే పట్టేస్తాడు.

రెవిట్, స్కెచప్ వాడేవాళ్లకు

రెవిట్‌లో ప్లాంటింగ్ కేటగిరీకి కోత ఉండదు. కట్ ప్లేన్ ఎక్కడున్నా చెట్టు పై నుంచి చూసినట్టే వస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్‌లో డాష్ కావాలంటే విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో ప్లాంటింగ్‌కు ప్రొజెక్షన్ లైన్ ప్యాటర్న్ మార్చండి, హాఫ్‌టోన్ కూడా టిక్ చేయండి. ఉండేవి, పోయేవి, వచ్చేవి అనే తేడా ఫేజింగ్ చూసుకుంటుంది. పాత చెట్టుకు ఎగ్జిస్టింగ్ ఫేజ్ ఇవ్వడం మరవకపోతే చాలు.

స్కెచప్‌లో కెమెరా వైపు తిరిగే పలక చెట్లు వ్యూలకు బాగుంటాయి, ఫైలు బరువెక్కదు. పై నుంచి చూస్తే మాత్రం అవి ఉత్త గీతలే. అందుకే ప్లాన్ చెట్లకు ఒక ట్యాగ్, వ్యూ చెట్లకు ఇంకో ట్యాగ్ పెట్టి, సీన్‌లలో ఒకటి ఆపి ఒకటి చూపించండి. ఎడ్జ్ స్టైల్‌లో ప్రొఫైల్స్ ఆపితే ఆకుల చుట్టూ వచ్చే లావు గీతలు పోతాయి. నీడల కోసం లొకేషన్, టైమ్ జోన్ రెండూ సరిచేయండి.

పేర్లు, ప్రింటు

పేరును గుబురు లోపల రాయకండి. బయట లీడర్‌తో (బాణం గీతతో) 'వేప-1', 'కానుగ-2' అని రాసి, షీటు పక్కన చిన్న పట్టికలో మాను వ్యాసం, గుబురు, ఎత్తు, ఉండేదా పోయేదా అన్నది ఇవ్వండి. అక్షరం కాగితం మీద 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. 1:100లో అది మోడల్‌లో సుమారు 10 అంగుళాలు. కొత్త చెట్ల లెక్కను డేటా ఎక్స్‌ట్రాక్షన్ తీసిస్తుంది, పాతవి మీరే రాయాలి.

ఫైనల్ ఇచ్చే ముందు ఒక ఏ3 నలుపు ప్రింటు తీయండి. దానికి ఒక జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ను ఫోన్‌లో ఫొటో తీసి మేస్త్రీకి వాట్సాప్ చేయండి, సైటుకు చివరికి చేరేది ఎలాగూ ఆ ఫొటోనే. మాన్లు ఎన్ని ఉన్నాయి, ఏది కొట్టాలి, సంపు ఎక్కడ అని మూడు ప్రశ్నలు అడగండి. ఫోన్‌లోనే చూసి ఆయన మూడూ చెప్పగలిగితే షీటు మీద సంతకం పెట్టొచ్చు.